అమ్మ డబ్బాలో గొళ్ళెం ఎందుకుంది?

"అక్కా, మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పెళ్ళయినప్పటి నుంచి మహబూబ్‌నగర్‌లో ఉంటున్న. మా అమ్మ పోయి రెండున్నర నెలలు కావస్తోంది. పదకొండో రోజు అయిపోయినంక అమ్మ చీరలు కొన్ని పంచేశారు, కొన్ని వాగులో వదిలేశారు. నేను ఎవరికీ చెప్పకుండా అమ్మ కట్టి విడిచిన నారాయణపేట చీర, దాని మీది రవిక, ఎప్పుడూ చేతిలో ఉండే అడకత్తెర, బిస్కెట్ల రేకు డబ్బా సంచిలో వేసుకుని తెచ్చుకున్న. చీర ఉతకలేదు. రాత్రి అందరూ పడుకున్నంక తీసి మొహానికి పెట్టుకుంట. ఇప్పుడు వాసన తగ్గిపోతోంది, భయమేస్తోంది. మొన్న అత్తమ్మ చూసి 'సచ్చినోళ్ళ బట్టలు ఇంట్ల పెట్టుకుంటరా, పిల్లలున్న ఇల్లు' అని కోప్పడింది. మా ఆయన మంచివాడే, కానీ 'ఇంకెన్ని రోజులు' అంటున్నాడు. చెల్లెలికి తెలిసి, చీర తనకు కావాలని అలిగింది. అమ్మ ఫోన్ అన్న దగ్గర ఉంది, అంతా చెరిపేసి పిల్లలకిస్తానంటున్నాడు. అమ్మకు రాయడం రాదు, వాట్సాప్‌లో అన్నీ మాటలే పంపేది. రేకు డబ్బాలో పాత కాగితాలు, రెండు ఫొటోలు, ఒక ఇనుప గొళ్ళెం ఉన్నాయి. గొళ్ళెం ఎందుకు దాచిందో తెలీదు. పాతసామాను వాడికి వెయ్యమన్నాడు అన్న. అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది, నేను ఆ ఊరు చూడలేదు. నాయిన ఊర్లో ఒక్కడే ఉంటున్నాడు. అమ్మ ముచ్చట తీస్తే లేచిపోతాడు. ఆమె మంచం కూడా కొట్టంలో వేయించాడు. పెత్రమాస, అదే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, వస్తోంది. నేను చేస్తున్నది తప్పా?"

– ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

చెల్లె,

తప్పు కాదు. ఆ మాట తర్వాత వివరంగా చెప్తాను. ముందు ఫోన్ సంగతి చూడు, మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ అది ఆగదు. ఈ రోజే మీ అన్నకు ఫోన్ చేసి 'అన్నా, అమ్మ ఫోన్ వారం దాకా ముట్టుకోకు' అని చెప్పు. 'ఎందుకు' అని అడిగితే, ఏడుస్తూ వివరించాల్సిన పని లేదు. 'అమ్మ బ్యాంకు పని ఉంది, మెసేజ్‌లు ఆ నంబరుకే వస్తాయి' అను. అది అబద్ధం కూడా కాదు. బ్యాంకు ఖాతా, గ్యాసు, పాసు పుస్తకం, వీటిలో ఏవి ఆ నంబరుకు ముడిపడి ఉన్నాయో చూసుకోకుండా సిమ్ పక్కన పడేస్తే రేపు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీ నాయినే.

రెండున్నర నెలలు అన్నావు కాబట్టి తొందర పెడుతున్నాను. ప్రీపెయిడ్ నంబరు వరుసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు, ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. అప్పుడు ఏమవుతుందో చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. నీ ఫోన్‌లో 'అమ్మ' అన్న పేరు కింద ఒకరోజు ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రవాడి ఫొటో ప్రత్యక్షమవుతుంది. ఆ దెబ్బకు సిద్ధంగా ఉండే మనిషి ఎవరూ ఉండరు. ఒక చిన్న రీచార్జి చేయించి ఆ సిమ్‌ను ఇంకొన్నాళ్ళు నిలబెట్టండి, ఆలోగా పనులు తేల్చుకుని నంబరు ఎవరి పేరు మీదకు మార్చాలో చూసుకోండి. వాట్సాప్ వాళ్ళు కూడా 120 రోజులు వాడని ఖాతాను తీసేస్తారు. అలా తీసేసినా అమ్మ నీకు పంపిన మాటలు నీ ఫోన్‌లో నుంచి పోవు. అవి పోయేది నీ ఫోన్ నీళ్ళలో పడ్డప్పుడో, బ్యాకప్ లేకుండా కొత్త ఫోన్ కొన్నప్పుడో.

అందుకని నీ వాట్సాప్‌లో అమ్మ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి 'మోర్' లోకి పోతే 'ఎక్స్‌పోర్ట్ చాట్' అని ఉంటుంది. మీడియాతో సహా అని ఎంచుకుని నీ మెయిల్‌కో, డ్రైవ్‌కో పంపుకో. అమ్మ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి వాట్సాప్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించు. వాయిస్ నోట్స్ అని అందులో వేరే ఫోల్డరే ఉంటుంది. చేయడం రాకపోతే మీ బజారులో జిరాక్స్ షాపు అబ్బాయిని అడిగినా చేసిపెడతాడు. రెండు చోట్ల దాచు, ఒకటి నీ దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర.

ఒక మాట. కాపీ చేసేటప్పుడు ఏరకు. 'తిన్నవా బిడ్డా' లాంటివి ఎలాగూ ఉంచుతావు. పొరపాటున బటన్ నొక్కి పంపినవి ఉంటాయి చూడు, అమ్మ నీతో కాకుండా ఇంకెవరితోనో మాట్లాడుతుంటుంది, కోడిని అదిలిస్తుంటుంది, మధ్యలో మీ నాయినను ఏదో అంటుంది. అవే అసలైనవి. మనతో మాట్లాడేటప్పుడు తల్లులు గొంతు మారుస్తారు. ఆ పొరపాటు మెసేజ్‌లలో ఉన్నది మీ అమ్మ మామూలు గొంతు.

ఇక అత్తమ్మ. ఆమె మీద కోపం పెట్టుకోకు. మశూచి, కలరా ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిన కాలంలో పోయినవాళ్ళ బట్టలు కాల్చేయడం, వదిలేయడం ఇంట్లో మిగిలినవాళ్ళను కాపాడే పనే. రోగాలు తగ్గినా పద్ధతి మిగిలింది. పైగా ఆమె భయమంతా నీ పిల్లల గురించే, నీ గురించి కాదు. మనవలను చూసుకునే మనిషి అట్లా అనకపోతేనే వింత.

కానీ మనవాళ్ళు పోయినవాళ్ళవి ఏవీ ఉంచుకోరా? బట్టలు పోతాయి, మంచం పోతుంది, చెప్పులు పోతాయి. ఇత్తడిని, వెండిని, బంగారాన్ని మాత్రం వాగులో వదిలినవాళ్ళను నేనింకా చూడలేదు. మీ అటక మీద ఏ గంగాళమో, బిందెనో ఉంటే దించి దాని మూతి కింద చూడు. ఆడపిల్లకు సామాను పెట్టేటప్పుడు దుకాణంలోనే పేరు కొట్టించి ఇచ్చేవాళ్ళు కదా. చిన్న ఉలి పెట్టి చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, చింతపండు పెట్టి తోమి తోమి సగం అరిగి, ఒక 'మ్మ' తప్ప మిగతాది వేలితో తడిమితే గానీ తెలియకుండా ఉంటాయి. ఆ పేరు ఎవరిదో అత్తమ్మను అడుగు. ఆమెను ఓడించడానికి అడగకు, అట్లా అడిగితే ఇంకో గొడవ మొదలవుతుంది. నిజంగానే తెలుసుకోవడానికి అడుగు. ఆమెకూ ఒక తల్లి ఉండేది. ఆ తల్లి గురించి ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అన్నది నా అనుమానం.

ఆమె మాటల్లో ఒకదాన్ని నువ్వు ఒప్పుకోవాలి. విడిచిన చీరను ఉతకకుండా పెట్టుకోవద్దు. కీడు వస్తుందని కాదు, చీర పాడవుతుందని. చెమట, నూనె అంటిన చోట బట్ట పసుపెక్కి దారం చీకిపోతుంది, వానకాలం గడవకముందే బూజు పడుతుంది, ఆ నూనె మరకల దగ్గరికే పురుగు వస్తుంది. వాసన కోసం చీరను పోగొట్టుకుంటే, రెండేళ్ళలో వాసనా ఉండదు, చీరా ఉండదు.

వాసన పోతుంది చెల్లె. దాన్ని ఆపలేం. ఈ మాట ఎవరో ఒకరు నీకు చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నాను. వాసన అంటేనే బట్టలో నుంచి గాలిలోకి లేచే రేణువులు. నువ్వు మూట విప్పిన ప్రతిసారీ కొన్ని వెళ్ళిపోతాయి. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఏ వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత అది ఉన్నా మనకు తెలియదు. చాలాసేపు మొహానికి పెట్టుకున్నాక 'తగ్గిపోయింది' అనిపించడంలో కొంత చీర తప్పు కాదు, ముక్కు అలసట.

మరి వాసనకే ఎందుకు ఇంత ప్రాణం లేచి వస్తుంది, ఫొటో చూస్తే అంత రాదు కదా అని నీకు అనిపించి ఉంటుంది. కన్ను చూసినవీ చెవి విన్నవీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి ముందుకు పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగదు. ముక్కు పైనున్న భాగం నుంచి నేరుగా, భయాలూ ప్రేమలూ పుట్టే చోటుకూ, జ్ఞాపకాలు కట్టుకునే చోటుకూ చేరుతుంది. అందుకే ఏమిటో అర్థమయ్యేలోపే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నీకు పిచ్చి పట్టలేదు, మనిషి ముక్కు కట్టుబడే అట్లా ఉంది.

ఏం చేయాలంటే, రవికను చీర నుంచి వేరు చెయ్యి. రవికను ఉతకకుండా, బాగా ఆరిన చేతులతో మడిచి, గాలి పోని జిప్ కవర్లో పెట్టి, కవర్లో గాలంతా నొక్కి తీసేసి, ఇనుప బీరువాలో చీకటి అరలో పెట్టు. రోజూ తీయకు. ఏ పండుగకో, మరీ తట్టుకోలేని రోజునో తియ్యి. అట్లా చేస్తే కొంతకాలం నిలుస్తుంది, ఎంతకాలమో చెప్పలేం. ఇంకో పని కూడా చేసిపెట్టుకో. ఆ వాసనలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాయి. తలకు ఏ నూనె పెట్టేది, ఏ సబ్బు, వక్కలో ఏమైనా కలిపేదా, పొగాకు ఏ దుకాణంలో కొనేది, కట్టెల పొయ్యినా గ్యాసా. నీకు తెలియనివి చెల్లెలికి తెలుస్తాయి, ఇద్దరికీ తెలియనివి మీ ఊరి కిరాణా కొట్టు ఆయనకు తెలుస్తాయి. ఇప్పుడు ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. ఇంకో అయిదేళ్ళకు ఆ నూనె పేరు మీలో ఎవరికీ గుర్తుండదు.

చీరను ఉతుకు. నారాయణపేట చీరలు నూలువీ ఉన్నాయి, పట్టువీ ఉన్నాయి. పట్టు అయితే బట్టల షాపులో అడిగి డ్రై క్లీనింగుకు ఇవ్వు. నూలుది అయితే వేరే బట్టలతో కలపకుండా చల్లనీళ్ళలో, పలుచటి కుంకుడు రసంతో, బండకు కొట్టకుండా ఉతికి నీడలో ఆరవెయ్యి. ఆ గళ్ళు, అంచు మీద గోపురాలు నేసినవాళ్ళు ఎన్నాళ్ళయినా నిలవాలని నేశారు, సరిగ్గా చూసుకుంటే నీ మనవరాలి దాకా వస్తుంది. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో వద్దు, పాత తెల్ల పంచెలో చుట్టు. నాఫ్తలీన్ ఉండలు అసలే వేయకు, చీర విప్పితే అమ్మకు బదులు ఆసుపత్రి గుర్తుకొస్తుంది. ఎండిన వేపాకు చిన్న గుడ్డలో మూటకట్టి పక్కన పెడితే చాలు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చు, ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది.

తర్వాత దాన్ని కట్టుకో. బీరువాలో పెట్టి పూజించకు.

చెల్లెలి అలక గురించి. నిజానికి ఆమెకు నొప్పి కలిగింది చీర దక్కనందుకు కాదేమో, నువ్వు చెప్పకుండా తెచ్చుకున్నందుకేమో. ఆమెకూ అమ్మే పోయింది. పదకొండో రోజు నువ్వు సంచి నింపుకుంటుంటే ఆమె ఏ గదిలో ఉందో, ఏం వెతుక్కుందో నీకు తెలుసా? ఫోన్ చేసి ముందు ఆ సంగతి అడుగు. చీరను సగానికి కత్తిరించే ఆలోచన వద్దు, అట్లా చేస్తే ఇద్దరి దగ్గరా ముక్కలే మిగులుతాయి. ఈ ఏడు నీ దగ్గర, వచ్చే ఏడు ఆమె దగ్గర ఉంచుకోండి. లేదంటే చీర ఆమెకిచ్చి అడకత్తెర నువ్వుంచుకో. నన్నడిగితే అడకత్తెరే మంచి వాటా. చీరను అమ్మ అప్పుడప్పుడు కట్టింది, అడకత్తెరను రోజంతా పట్టుకుంది. వేళ్ళు పట్టే చోట అరిగి నున్నగా ఉంటుంది చూడు, అది మీ అమ్మ చేతి అచ్చే. దాన్ని గూట్లో పెట్టకుండా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వక్కలు కత్తిరించడానికి బయటికి తియ్యి. ఇనుము వాడుతుంటే నిలుస్తుంది, పక్కన పెడితే తుప్పు పడుతుంది.

ఇంకొక ఉపాయం ఉంది, దీనికి అత్తమ్మ కూడా అడ్డు చెప్పదు. పంచిన చీరల్లో పాతవి, మెత్తబడ్డవి రెండు మూడు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని అడిగి తెచ్చుకోండి, ఇస్తారు. వాటితో బొంత కుట్టించండి. అమ్మమ్మ చీరల బొంతలో పిల్లలను పడుకోబెట్టడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, అప్పుడెవరూ 'సచ్చినోళ్ళ బట్టలు' అనలేదు. బొంత కుట్టే ముసలమ్మలు మీ ఊర్లో ఇంకా ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ళున్నప్పుడే కుట్టించుకోండి.

మీ ఆయన 'ఇంకెన్ని రోజులు' అన్నది విసుగుతో కాకపోవచ్చు, ఏం చేయాలో తోచక అయి ఉండొచ్చు. ఆయనకు ఈ సంగతి చెప్పు. పోయినవాళ్ళతో మనసు తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందని ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు కూడా అనుకునేవాళ్ళు. 1990ల నుంచి ఆ అభిప్రాయం మారింది. బంధం తెగదు, రూపం మారుతుంది, వస్తువులు దాచుకోవడం అందులో భాగమే, రోగం కాదు అంటున్నారు. రెండున్నర నెలలకు ఏడుపు రావడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కూడా, కనీసం ఆరు నెలలు దాటినా మనిషి దుఃఖంలోనే కూరుకుపోయి రోజువారీ పనులు సాగనప్పుడే దాన్ని జబ్బు కింద చూస్తారు. అయితే నిద్ర పూర్తిగా పోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదనిపించినా ఆరు నెలలు ఆగకు. 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. రాత్రి పూట ఒక్కదానివే మూట విప్పుకోవడం మాత్రం తగ్గించు. ఏడవద్దని అనడం లేదు, దొంగతనంగా ఏడవద్దంటున్నాను. ఆ దాపరికంతోనే నీకు సగం టెన్షన్.

డబ్బాలో కాగితాలు చదవకుండా ఒక్కటీ పారేయకు. ముంపు ఊరి కుటుంబం కాబట్టి నష్టపరిహారం కాగితాలో, పాత పట్టాలో ఉండొచ్చు. శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో వచ్చిన 98వ నంబరు జీవోను పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయిన మనుషులు కొల్లాపూర్ వైపు ఉన్నారు. మీ మేనమామలకు చూపించు. మనియార్డర్ కింది ముక్కలు ఏమైనా ఉన్నాయేమో చూడు. పాలమూరు నుంచి బొంబాయికీ, డ్యాముల పనులకూ పోయినవాళ్ళ ఇళ్ళల్లో అవి ఉత్తరాల కింద లెక్క. డబ్బు తీసుకున్నాక చేతిలో మిగిలే ఆ చిన్న ముక్క మీద ఎవరితోనో రాయించిన ఒక వాక్యం, రెండు వాక్యాలు ఉంటాయి. బస్సు టికెట్ల వంటి మిషన్ కాగితాలు ఉంటే వెంటనే జిరాక్స్ తీయించు, ఆ అక్షరాలు కొన్నాళ్ళకు వాటంతట అవే వెలిసిపోతాయి. ఫొటోలకు లామినేషన్ చేయించకు, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, అసలువి మామూలు కాగితంలో చుట్టి ఉంచు.

ఇక గొళ్ళెం. నీ ఉత్తరంలో నన్ను కూర్చోబెట్టింది ఇదే. మిగతా అన్నింటి గురించి నువ్వు రెండేసి మాటలు రాశావు, దీని గురించి 'తెలీదు' అని వదిలేశావు. ఒక్క వాక్యం దాటగానే అమ్మ ఊరు మునిగిందని రాశావు. ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదువుకో.

శ్రీశైలం డ్యాం వెనక నీళ్ళు నిలిచింది 1981లో. ఇటు మన పాలమూరు జిల్లా, అటు కర్నూలు జిల్లా కలిపి వందకు పైగా ఊళ్ళు పోయాయి. నువ్వు ఆ ఊరు చూడలేదన్నావు కాబట్టి, అప్పటికి మీ అమ్మ పెళ్ళీడు పిల్లయినా, కొత్త పెళ్ళికూతురైనా అయి ఉండొచ్చు. ఊరు ఖాళీ చేసేటప్పుడు జనం ఇళ్ళను అట్లాగే వదిలి రాలేదు. దూలాలు, దర్వాజలు, తలుపులు పీకి బండ్లకెత్తుకున్నారు, కొత్త చోట మళ్ళీ కట్టుకోవాలి కదా. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో గుడి కూడా అట్లా పైకి తెచ్చి కట్టినదే. దేవుడి ఇళ్ళకు ప్రభుత్వం ఆ పని చేసింది. మనుషుల ఇళ్ళకు చేసేదెవరు? ఎవరి చేతికి అందింది వాళ్ళు పట్టుకొచ్చారు. ఆ గొళ్ళెం మీ అమ్మ పుట్టింటి తలుపుది అని నా ఊహ. అదే అయితే, మీ అమ్మ కూడా నలభై ఏళ్ళకు పైగా నీ పనే చేసింది. నువ్వు చీర దాచుకున్నావు, ఆమె ఇల్లు దాచుకుంది. తప్పా అని నన్నడిగావు, ఆమెనడిగితే ఏమనేదో నీకే తెలుసు.

ఊహ తప్పయినా కావొచ్చు. తెలిసినది మీ నాయినకే. అందుకే పాతసామాను వాడికి వేయొద్దు అంటున్నాను. ఇనుముకు ఏ ఇరవై రూపాయలో వస్తాయి. మా ఇంట్లో మా నాయనమ్మ సున్నం డబ్బా ఉంది, బొటనవేలంత ఇత్తడిది, మూత లోపల ఇప్పటికీ తెల్లటి పెచ్చు కట్టి ఉంది. ఆమె మొదటిసారి కూలి డబ్బులు చేతికొచ్చినప్పుడు మన్యంకొండ జాతరలో కొనుక్కుందని ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు, కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. అదే ఇంట్లో అంతకు పదింతల విలువ చేసే కంచు చెంబు ఒకటి ఉండేది. ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు పోయారు. ఒకసారి ఇల్లు సర్దేటప్పుడు అది తూకానికి వెళ్ళిపోతే ఎవరూ అడ్డం పడలేదు. వస్తువు కంటే ముందు దాని ముచ్చట పోతుంది, ఆ తర్వాత వస్తువు పోవడం ఎంతసేపు?

మీ నాయిన మంచం కొట్టంలో వేయించాడని రాశావు. అమ్మేశాడని రాయలేదు, ఎవరికో ఇచ్చేశాడనీ రాయలేదు. కంటికి ఎదురుగా లేకుండా, చేతికి అందేంత దూరంలో పెట్టుకున్నాడు. నువ్వు బీరువాలో చేసిన పనే ఆయన కొట్టంలో చేశాడు. మగవాళ్ళు, అందులోనూ మన దిక్కు మగవాళ్ళు, ఆ వయసులో భార్య గురించి కూతురితో కూర్చుని మాట్లాడటం ఎరగరు. ముచ్చట తీస్తే లేచిపోతున్నాడంటే ముచ్చట నచ్చక కాదు, ఏడుపు నీ ముందు బయటపడుతుందని.

పెత్రమాసకు వెళ్ళు. మొదటి ఏడాదే బియ్యం ఇవ్వాలా, ఏడాది గడిచాక ఇవ్వాలా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు, అది మీ పెద్దలు, అయ్యగారు చూసుకుంటారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా ఆ రోజులకు తల్లిగారింటికి పోయేదానివి, ఈసారి తల్లి లేని ఇంటికి పోవాలి. ఈ ఏడు మీరు బతుకమ్మ పేర్చకపోవచ్చు. వాకిట్లో పక్కింటివాళ్ళు పాట ఎత్తుకున్నప్పుడు మీ నాయిన ఇంట్లో ఒక్కడే కూర్చోకుండా చూడు. ఒక్కరోజుకు కాకుండా రెండు మూడు రోజులు ఉండేలా పో, పోయిన మొదటి రోజే అడగొద్దు.

అడిగేటప్పుడు 'అమ్మ గుర్తొస్తోందా నాయినా' అనకు, మళ్ళీ లేచిపోతాడు. ఏదో పని చేస్తున్నప్పుడు అడుగు, పల్లికాయ ఒలుస్తున్నప్పుడో, పశువులకు మేత వేస్తున్నప్పుడో. చేతులకు పని ఉంటే మగవాళ్ళ నోరు కొంచెం వదులవుతుంది. గొళ్ళెం తీసి చేతిలో పెట్టి, 'అన్న దీన్ని పాతసామానుకు వెయ్యమన్నడు నాయినా, వెయ్యమంటవా?' అని మామూలుగా అడుగు. అంతే. 'వద్దు' అంటాడనే నా నమ్మకం. 'ఎందుకు' అని వెంటనే అడగకు, ఆయనే అందుకుంటాడు. మొదలుపెడితే మధ్యలో ఆపకు, తప్పులు దిద్దకు, తేదీలు అడగకు. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి. అమ్మ గొంతు కోసం ఇప్పుడు ఇంత తిప్పలు పడుతున్నావు కదా, నాయిన గొంతు ఆయనుండగానే దాచుకో. ఆ మూడు రోజుల్లో ఆయన చెప్పకపోతే బలవంతం వద్దు, గొళ్ళెం అక్కడే గూట్లో వదిలేసి రా. దానికి కొద్దిగా కొబ్బరి నూనె రాసి పెడితే తుప్పు పట్టదు.

ఆయన ఎప్పటికీ చెప్పకపోతే మీ మేనమామలున్నారు, ఆ ఊరి నుంచి లేచొచ్చి వేరేచోట ఇళ్ళు కట్టుకున్న ముసలివాళ్ళున్నారు. ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లుండేదో వాళ్ళకు ఇప్పటికీ నోటికొచ్చు. ఎండకాలంలో రిజర్వాయర్ నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పాత చోట్లు కొన్ని బయటపడతాయి. సోమశిల దగ్గర పడవలు నడిపేవాళ్ళను ఊరి పేరు చెప్పి అడిగితే, అది ఏ దిక్కున ఉందో, నీళ్ళు ఎంతవరకు తగ్గితే కనబడుతుందో చెప్తారు. వైశాఖంలో పోండి. చెల్లెలిని తీసుకుపో, వస్తానంటే మీ అత్తమ్మను కూడా.